చేయి పట్టిన మేడమ్ కుర్చీ ఎక్కితే...

ఈ వారం రెండు ఉత్తరాలకు కలిపి జవాబు రాస్తున్నాను. ఒకటి నల్లగొండ జిల్లా నుంచి ఒక తల్లి రాసింది. రెండోది పాలమూరు వైపు నుంచి ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు రాసింది. వీరిద్దరికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు. కాని ఇద్దరిదీ ఒకటే సమస్య. పేర్లు వద్దన్నారు కనుక వేయడం లేదు.

తల్లి రాసిన ఉత్తరం

"డాక్టరుగారూ! మా బాబుకు నాలుగేళ్ళు. పుట్టగానే ఏడవలేదు. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. రెండేళ్ళుగా వారానికి రెండుసార్లు ఆక్యుపేషనల్ థెరపీకి తీసుకెళుతున్నాను. అక్కడి మేడమ్ చేతిలో పడ్డాకే వాడు కూర్చోవడం, చెంచా పట్టుకోవడం నేర్చాడు. ఇప్పుడామెను టీమ్ లీడర్‌ని చేశారు. మా వాణ్ణి కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించారు. ఆ అమ్మాయి ముట్టుకుంటే చాలు, వాడు ఏడుపు లంకించుకుంటున్నాడు. 'పని వచ్చినామెను కుర్చీల కూసోబెట్టి, పని రాని పిల్లను మనకు అంటగట్టిండ్రు, ఇంక పోకు బిడ్డా' అంటోంది మా అత్త. పోయిన ప్రతిసారీ ఒకరోజు కూలి పోతోంది. మానేయమంటారా? హైదరాబాదు తీసుకెళ్ళమంటారా?"

థెరపిస్టు రాసిన ఉత్తరం

"నాకు 34 ఏళ్ళు. తొమ్మిదేళ్ళుగా ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఆరు నెలల క్రితం మా కేంద్రంలో నన్ను టీమ్ లీడర్‌ని చేశారు. నా కింద ఆరుగురు. వాళ్ళలో ఒకామె నాతో కలిసి చదువుకున్న స్నేహితురాలు. ఇప్పుడు నాతో మాట తగ్గించింది. రోజుకు ఎనిమిది మంది పిల్లల్ని చూసేదాన్ని. ఇప్పుడు రిజిస్టర్లు, రిపోర్టులు, మీటింగులు. అయినా పాత తల్లులు వరండాలో నాకోసం నిలబడితే కాదనలేక వాళ్ళ పిల్లల్నీ చూస్తున్నాను. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. తలనొప్పి. ఇంటికొచ్చి పిల్లల మీద అరుస్తున్నాను. నా పిల్లల్ని, అంటే నా పేషెంట్లను, నడిమధ్యలో వదిలేశాననిపిస్తోంది. ఈ పెత్తనం వదిలేసి మళ్ళీ మామూలు థెరపిస్టుగా వెళ్ళిపోనా?"

ఇద్దరికీ జవాబు చెప్పేముందు, ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు.

పనే మందు

ఆక్యుపేషనల్ అనగానే ఉద్యోగాలకు సంబంధించిన వైద్యం అనుకుంటారు చాలామంది. కాదు. మనిషి పొద్దున లేచింది మొదలు చేసుకునే ప్రతి పనీ ఈ వైద్యం పరిధిలోకి వస్తుంది. పళ్ళు తోముకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, జొన్నరొట్టె తుంచుకుని తినడం, బడికి పోయి పలక మీద రాయడం, మగ్గం మీద కూర్చోవడం. పక్షవాతం వచ్చినా, ప్రమాదంలో చేయి పోయినా, పుట్టుకతో లోపం ఉన్నా ఆ మనిషి మళ్ళీ తన పని తాను ఎలా చేసుకోగలడో చూడటమే ఈ చికిత్స. మనిషిని పనికి తగినట్టు తయారుచేస్తారు. అది కుదరనప్పుడు పనినే మనిషికి తగినట్టు మారుస్తారు.

ఈ రెండో మాటకు మన పాత నల్లగొండ జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. పోచంపల్లి తరహా చీర నేసే ముందు నూలును ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారం తిప్పుతూ ఒక్క చీరకే చేతిని సుమారు 9 వేలసార్లు ఆడించాలి. ఆడవాళ్ళకు భుజాలు పడిపోయేవి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడుతున్న భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి తంటాలు పడి, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన థెరపిస్టు కాదు. కాని నొప్పికి మాత్ర వెతక్కుండా, నొప్పి పుట్టిస్తున్న పనినే మార్చారు. ఆక్యుపేషనల్ థెరపీలో ఉన్న తెలివి సరిగ్గా అదే.

ఈ వృత్తి 1917లో అమెరికాలో ఒక సంఘంగా ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల వల్ల దీని అవసరం బాగా తెలిసివచ్చింది. మన దేశంలో 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో మొదటి శిక్షణాలయం పెట్టింది కమలా నింబ్కర్. ఆమె అమెరికాలో పుట్టి మన దేశానికి కోడలిగా వచ్చింది. తనొక్కతే రోగులను చూస్తూ ఉండిపోతే బహుశా కొన్ని వందలమందికి మేలు జరిగేది. ఆమె బడి పెట్టి, నేర్పే పని నెత్తికెత్తుకుంది కనుకనే ఈ చికిత్స దేశమంతా పాకింది. ఈ మాట గుర్తుంచుకోండి. ఈ వారం నా జవాబంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

మన జిల్లాల్లో ఇప్పుడెందుకీ సమస్య?

ఒకప్పుడు ఈ చికిత్స కావాలంటే హైదరాబాదో, సికింద్రాబాదులో 1984లో పెట్టిన బుద్ధిమాంద్యుల జాతీయ సంస్థో దిక్కు. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. అంగన్‌వాడీలకూ బడులకూ డాక్టర్ల బృందాలు వెళ్ళి లోపాలున్న పిల్లల్ని గుర్తించడం, వాళ్ళను జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపడం ఈ పథకం పద్ధతి. మహబూబ్‌నగర్‌లో 2016లోనూ, నల్లగొండలో 2019లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. స్వచ్ఛంద సంస్థల కేంద్రాలూ, ప్రైవేటు క్లినిక్కులూ పెరిగాయి.

ఒకే గదిలో ఒకే థెరపిస్టు ఉన్నంతకాలం లీడర్ అవసరం లేదు. ఫిజియోథెరపిస్టు, మాటలు నేర్పేవారు, మనస్తత్వ నిపుణులు, ప్రత్యేక ఉపాధ్యాయులు, ఇద్దరు ముగ్గురు ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఒకచోట చేరేసరికి, ఏ పిల్లవాడికి ఏది ముందు, ఏది తర్వాత అని చూసే మనిషి కావాలి. లేకపోతే ఒకే బిడ్డకు ముగ్గురు మూడు రకాల వ్యాయామాలు చెబుతారు. తల్లి ఇంటికెళ్ళి ఏదీ చేయదు. ఆ మనిషి ఎవరు? ఎక్కువ అనుభవం ఉన్నవారే. అంటే పిల్లల చేతులు పట్టుకుని పనిచేస్తున్న ఆ మంచి మేడమే!

అమ్మా, ముందు మీకు జవాబు

చికిత్స మానేయకండి. వెంటనే హైదరాబాదు పరుగెత్తవలసిన పనీ లేదు.

ఒక చిన్న లెక్క చూడండి. వారానికి 168 గంటలు. మీ బాబు మేడమ్ దగ్గర గడిపింది వారానికి రెండుసార్లు, ముప్పావు గంట చొప్పున అనుకుంటే, గంటన్నర. మిగతా 166 గంటల పైచిలుకు మీ దగ్గరే ఉన్నాడు. వాడు చెంచా పట్టుకోవడం నేర్చింది ఆ గంటన్నరలో కాదు. ఆమె మీకు చూపించింది, మీరు రోజూ మూడుపూటలా చేయించారు. అంటే ఆ రెండేళ్ళలో ఆమె తయారుచేసింది మీ బాబునే కాదు, మిమ్మల్ని కూడా. ఆ విద్య మీ చేతిలోనే ఉంది. ఆమె ఏ కుర్చీలో కూర్చున్నా అది పోదు.

కొత్త చేయి తగిలితే పిల్లలు ఏడుస్తారు. నాలుగేళ్ళ పిల్లవాడికి అది సహజం. నాలుగు నుంచి ఆరుసార్లు వెళ్ళేదాకా ఓపిక పట్టండి. వాడికిష్టమైన బొమ్మ వెంట తీసుకెళ్ళండి. మొదట్లో మీ ఒళ్ళోనే కూర్చోబెట్టి చేయించమనండి.

ఇక మీరు ధైర్యంగా అడగవలసినవి ఉన్నాయి. మొదటిది, పాత మేడమ్, కొత్త అమ్మాయి, మీరు ముగ్గురూ కూర్చుని ఒక్కసారి మాట్లాడుకోవాలి. రెండోది, ఇప్పుడు బాబుకు నేర్పుతున్న పని ఏమిటో, అది ఎన్ని నెలల్లో రావాలో తేలికమాటల్లో చెప్పించుకోండి. "చేతుల కదలిక మెరుగుపడాలి" అంటే మీకేం తెలుస్తుంది? "సంక్రాంతి నాటికి గ్లాసు రెండు చేతులతో ఎత్తి తాగాలి" అంటే అది మీకూ తెలుస్తుంది, మీ అత్తగారికీ తెలుస్తుంది. మూడోది, ఇంట్లో చేయించవలసినవి కాగితం మీద రాయించుకోండి. చదువు రాని ఇంట్లో బొమ్మలు గీయించుకోవచ్చు, ఫోనులో వీడియో తీసుకోవచ్చు.

పిల్లవాడు నొప్పితో ఏడుస్తుంటే, వారానికొక మనిషి మారుతుంటే, ఏం చేస్తున్నారో ఎవరూ చెప్పకపోతే మాత్రం ఊరుకోకండి. నేరుగా ఆ టీమ్ లీడర్‌నే అడగండి. ఆమె ఇప్పుడు ఆ పదవిలో ఉన్నది అందుకే!

అన్నింటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. సెరిబ్రల్ పాల్సీలో మెదడుకు తగిలిన దెబ్బ ముదిరేది కాదు. కనుక వచ్చిన పని పోకూడదు. బాబు ఇంతకుముందు కూర్చునేవాడు ఇప్పుడు కూర్చోలేకపోయినా, అన్నం మింగడం కష్టమైనా, ఉన్నట్టుండి ఒళ్ళు బిగుసుకున్నా, కళ్ళు నిలిచిపోయి పలక్కపోయినా "మేడమ్ మారింది కదా, అందుకే" అని సరిపెట్టుకోవద్దు. ఫిట్స్ కావచ్చు, మరో జబ్బు కావచ్చు. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు మీకు, సోదరీ!

మీరు పిల్లల్ని వదిలేయలేదు. ఆ మాట ముందు మనసులోంచి తీసేయండి. కాని మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, మీరు కొత్త పనిలో చేరారే తప్ప పాత పనిలోంచి బయటికి రాలేదు. మూడింటికి మెలకువ రావడానికి సగం కారణం అదే.

ఇదివరకు మీ రోజు ఎలా గడిచేది? పొద్దున గుండీ పెట్టుకోలేని పిల్ల, సాయంత్రానికి ఒక గుండీ పెట్టుకుంది. తల్లి మొహం వికసించింది. మీ జీతం కన్నా పెద్ద జీతం అది. ఇప్పుడు మీరు చేసిన మేలు మీ కళ్ళెదుట కనబడదు. మరొకరి చేతుల మీదుగా, మూడు నెలల తర్వాత, మీరు లేని గదిలో ఫలిస్తుంది. అందుకే సాయంత్రమయ్యేసరికి ఏమీ చేయనట్టు అనిపిస్తుంది. ఇది జబ్బు కాదు. పని మారినప్పుడు ఫలితాన్ని కొలిచే కొలత కూడా మారాలి. మీరింకా పాత కుంచంతోనే కొలుస్తున్నారు.

మీకు తెలిసిన విద్యే!

టీమును నడపడం నాకు రాదు, ఎవరూ నేర్పలేదు అని ఉత్తరం చివర రాశారు. నిజానికి మీకు వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు. మీ వృత్తి రహస్యమేమిటి? రోగి చేయవలసిన పని మీరు చేసిపెట్టకపోవడం. పిల్లవాడు చొక్కా వేసుకోలేక అవస్థ పడుతుంటే తల్లి ఆగలేక తొడిగేస్తుంది. మీరు ఆగుతారు. మొదట చేయి పట్టుకుని చేయిస్తారు. తర్వాత మోచేతి కింద ఆసరా ఇస్తారు. తర్వాత నోటిమాటతో సరిపెడతారు. చివరికి పక్కన ఊరికే నిలబడతారు. సాయాన్ని మెట్టు మెట్టుగా తగ్గిస్తూ పోతారు.

మీ జూనియర్ల విషయంలోనూ అంతే. కొత్త అమ్మాయి తడబడుతుంటే మీరు చటుక్కున పిల్లవాణ్ణి అందుకుంటున్నారా? అయితే మీరు చొక్కా తొడిగే తల్లి అయిపోయారన్నమాట! ఆ క్షణానికి పని జరుగుతుంది. ఆ అమ్మాయికి మాత్రం ఎప్పటికీ రాదు. ఆ తల్లికి ఆ అమ్మాయి మీద నమ్మకమూ కుదరదు.

అన్నం తినడం నేర్పేటప్పుడు చెంచాను నోటిదాకా మీరే తెచ్చి, ఆఖరి అంగుళం పిల్లవాడికి వదిలేస్తారు గదా! తర్వాత రెండంగుళాలు, తర్వాత సగం దూరం. కొత్తవారికి పరీక్ష చేయడం నేర్పేటప్పుడూ అదే పద్ధతి. మొదట అన్నీ మీరు చూసి, చివరి నిర్ణయం ఆమెను చెప్పమనండి. తర్వాత సగం ఆమెకు వదలండి. తర్వాత మొత్తం.

అప్పగింతకు మూడు రోజులు

పాత పేషెంట్లను ఒక్కసారిగా వదలడం తప్పు. ఎప్పటికీ వదలకపోవడం అంతకన్నా తప్పు. ఒక్కొక్క బిడ్డకు మూడు రోజులు పెట్టుకోండి. మొదటిరోజు మీరు చేయండి, కొత్తామె చూస్తుంది. రెండోరోజు ఆమె చేస్తుంది, మీరు పక్కన ఉండండి. నోరు విప్పకండి. మూడోరోజు ఆమె ఒక్కతే చేస్తుంది. తర్వాత మీరు తల్లితో ఐదు నిముషాలు మాట్లాడండి. "ఇకనుంచి ఈమే చూస్తుంది. బాబు గురించి నేనూ కనుక్కుంటూ ఉంటాను" అని ఆ థెరపిస్టు ఎదుటే చెప్పండి. ఆ ఒక్కమాట చెప్పకపోవడం వల్లే, పైన ఉత్తరం రాసిన తల్లిలాంటివాళ్ళు నష్టపోతున్నారు.

ప్రతి బిడ్డకూ ఒక్క పేజీ రాయండి. ఇప్పుడేం చేయగలడు, తర్వాత నేర్పవలసిందేమిటి, ఏడిస్తే ఎలా ఊరుకుంటాడు, తల్లి కోరిక ఏమిటి. ఈ చివరిది చాలామంది రాయరు. తనకు ముఖ్యమైన పనిని రోగే ఎంచుకుని, దాన్ని ఎంత బాగా చేయగలుగుతున్నాడో, ఎంత తృప్తిగా ఉందో తానే ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసే పద్ధతి ఒకటి కెనడా థెరపిస్టులు 1991లో అచ్చువేశారు. పిల్లలైతే తల్లి వేయవచ్చు. మూడు నెలలకోసారి ఆ మార్కులు చూడండి. మీ కొత్త కొలత అదే. పైవాళ్ళకు పంపే రిపోర్టుకూ అదే పనికొస్తుంది.

చేయి మరిచిపోకండి

పూర్తిగా చికిత్స మానేయమని నేననను. వారానికి రెండు పూటలు మీవిగా ఉంచుకోండి. ఆ పూటల్లో ఎవరికీ అంతుబట్టని కేసులు చూడండి. జూనియర్‌ను పక్కన పెట్టుకునే చూడండి. ఈ ఏర్పాటును పై అధికారులకు కాగితం మీద రాసి ఒప్పించుకోండి. వరండాలో ఎదురుపడ్డ తల్లికి కూడా ఆ రెండు పూటలే చెప్పండి. "రేపు చూద్దాంలే" అనకండి. వారం, టైము చెప్పండి. కాదన్నదానికన్నా, ఆశపెట్టి తిప్పిందానికే మనుషులు ఎక్కువ నొచ్చుకుంటారు.

వారానికి ఒక గంట టీమంతా కూర్చుని ఒకే బిడ్డ గురించి మాట్లాడుకోండి. మాట నేర్పేవారి పనిలో, ఫిజియోథెరపిస్టు పనిలో మీరు తీర్పులు చెప్పవద్దు. వాళ్ళ విద్య వాళ్ళది. "ఈ ముగ్గురం చెప్పినవన్నీ ఆ తల్లి ఒక్కతే ఇంట్లో చేయగలదా?" అని మాత్రం మీరు అడగాలి. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలు, పొలం పని, పశువులు ఉన్న మనిషికి పదకొండు వ్యాయామాలు రాసిస్తే ఒక్కటీ జరగదు. మూడు రాయండి.

ఎవరినైనా దిద్దవలసివస్తే తల్లుల ముందు దిద్దకండి. గది తలుపు వేసి చెప్పండి. బిడ్డకు ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం ఆ క్షణమే ఆపండి. ఫిట్స్, అన్నం తినిపిస్తుంటే పొరబోవడం, కొత్తగా నొప్పి, వచ్చిన పని పోవడం, ఒంటిమీద దెబ్బల గుర్తులు, ఈ అయిదూ కనబడితే అదేరోజు మీకు చెప్పాలని అందరికీ ముందే చెప్పి ఉంచండి.

మన ప్రాంతం సంగతి ఒకటి మీకు వేరే చెప్పనక్కరలేదు. పత్తి ఏరే రోజులు వచ్చేసరికి పిల్లలు రావడం తగ్గుతుంది. పాలమూరు నుంచి పొట్ట చేతబట్టుకుని ముంబయి, పుణె వైపు వలసపోయే కుటుంబాలు బిడ్డను నాయనమ్మ దగ్గర వదిలిపోతాయి. రిజిస్టరులో "రాలేదు" అని రాసి ఊరుకోవడం గుమాస్తా పని. దసరాకు ముందే ఎవరెవరు వెళ్ళబోతున్నారో కనుక్కుని, ఆ నాయనమ్మను రెండుసార్లు రప్పించి చేతిపట్టు నేర్పి పంపడం లీడర్ పని. ఒక్క థెరపిస్టుగా మీరు ఇది చేయలేకపోయేవారు. ఇప్పుడు చేయగలరు.

స్నేహితురాలి విషయం

ఆమె ముభావంగా ఉందని మీరూ ముభావంగా ఉంటే ఆ గోడ పెరుగుతుంది. ఒకరోజు టీ తాగుతూ సూటిగా చెప్పండి. "నాకీ పని కొత్త. బయట మనం మనమే. ఇక్కడ మాత్రం సెలవులు, డ్యూటీలు అందరికీ ఒకేలా వేయక తప్పదు. నేను పొరపాటు చేస్తే నాకు విడిగా చెప్పు" అనండి. ఆమెకు తేలిక డ్యూటీలు వేసి స్నేహం నిలబెట్టుకోవాలని చూడకండి. మిగతా అయిదుగురి నమ్మకం పోతుంది. పక్షపాతం లేదనిపించుకోవాలని ఆమెకే కష్టమైనవి వేయడం కూడా పక్షపాతమే.

నిద్ర, తలనొప్పి, చిరాకు

ఇక మీ ఒంటి సంగతి. పని ఒత్తిడి వల్ల మనిషి లోపలినుంచి కాలిపోయినట్టయే స్థితిని 1974లో ఫ్రాయ్‌డెన్‌బెర్గర్ అనే మనస్తత్వవేత్త బర్నవుట్ అన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగా లెక్కలోకి తీసుకుంది. దాని గుర్తులు మూడు: ఎంత పడుకున్నా తీరని అలసట, పని మీద విరక్తి లేక వెటకారం, నా వల్ల ఏమీ కావడం లేదన్న భావం. మీలో మొదటిదీ మూడోదీ కనిపిస్తున్నాయి. రెండోది ఇంకా రాలేదు. అది రాకముందే రాశారు, మంచిపని చేశారు.

అయినా అన్నిటినీ ఒత్తిడి ఖాతాలో వేయకండి. ముప్పయ్యేళ్ళు దాటిన ఆడవాళ్ళలో అలసటకు రక్తహీనత, థైరాయిడ్ తక్కువ కావడం మామూలు కారణాలు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి.పి., షుగరు చూపించుకోండి. కళ్ళు కూడా చూపించుకోండి. రోజంతా కాగితాలూ కంప్యూటరూ చూడటం మొదలుపెట్టాక వచ్చిన తలనొప్పికి అద్దాలు కారణం కావచ్చు.

సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానండి. రేపటి పనులు ఆఫీసులోనే కాగితం మీద రాసి, ఆ కాగితం అక్కడే పెట్టి రండి. ఇంటికెళ్ళాక టీము ఫోను మెసేజీలు చూడవద్దు. అత్యవసరమైతే ఫోను చేస్తారు. మూడింటికి మెలకువ వస్తే గడియారం చూస్తూ దొర్లవద్దు. లేచి కాసేపు కూర్చుని, నిద్ర వచ్చినప్పుడే మళ్ళీ పడుకోండి. మందుల షాపులో అడిగి నిద్రమాత్ర మాత్రం కొనుక్కోకండి. అలవాటైతే వదలడం కష్టం.

రెండు వారాలకు మించి రోజూ దిగులుగా ఉన్నా, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోయినా, ఆకలి మారినా, బతికి లాభమేమిటన్న ఆలోచన వచ్చినా అది బర్నవుట్ కాదు, డిప్రెషన్ కావచ్చు. మానసిక వైద్యుణ్ణి కలవండి. అందుకు సిగ్గుపడనక్కరలేదు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్ అనే ఉచిత సలహా కేంద్రానికి 14416 నంబరుకు ఫోను చేయవచ్చు.

మీ ఇంట్లోవాళ్ళకూ ఒక మాట. కోడలు ఆఫీసరయిందని నలుగురికీ చెప్పుకుంటే చాలదు. ఆమె ఇంటికొచ్చిన అరగంట ఎవరూ ఏమీ అడక్కండి.

రాజీనామా చేయాలా?

ఇప్పుడే వద్దు. మూడు నెలలు గడువు పెట్టుకోండి. అప్పగింతలు పూర్తిచేయండి. రెండు పూటల క్లినిక్ మొదలుపెట్టండి. వారపు సమావేశం నడపండి. తర్వాత మిమ్మల్ని మీరు ఒకటే ప్రశ్న వేసుకోండి. "జూనియర్ చేతిలో ఒక బిడ్డ బాగుపడితే నాకు సంతోషం కలుగుతోందా, లేక ఆ పని నేను చేసి ఉంటే బాగుండేదనిపిస్తోందా?" మొదటిదైతే ఉండండి. రెండోదే అయితే నిస్సంకోచంగా తిరిగి చికిత్సకే వెళ్ళండి. చేయి తిరిగిన థెరపిస్టుగా ఉండిపోవడం చిన్నతనం కాదు. మన జిల్లాలకు వాళ్ళూ కావాలి, వీళ్ళూ కావాలి.

ఈ విషయం మీదే మరికొన్ని ప్రశ్నలు

ప్రశ్న: మా నాన్నగారికి ఎడమవైపు పక్షవాతం. చొక్కా తొడగడం పెద్ద యుద్ధంగా ఉంది. (మిర్యాలగూడ పాఠకురాలు)

జవాబు: తొడిగేటప్పుడు పడిపోయిన చేయి ముందు, విప్పేటప్పుడు చివర. ఈ వరస గుర్తుంటే సగం యుద్ధం గెలిచినట్టే. ముందు గుండీలున్న వదులు చొక్కాలు వాడండి. మంచం అంచున పాదాలు నేలకు ఆనేట్టు కూర్చోబెట్టండి. పడిపోయిన చేతిని పట్టుకుని లాగి లేపకండి, భుజం కీలు జారుతుంది. బాగున్న చేత్తో ఆయన చేయగలిగింది ఆయన్నే చేయనివ్వండి.

ప్రశ్న: మా తాతకు ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల మెడ, నడుము బిగుసుకుపోయాయి. మాలిష్ చేయించి వంచితే వస్తాయా? (మర్రిగూడ పాఠకుడు)

జవాబు: బలవంతంగా వంచకండి. ఆ వెన్నెముక గట్టిగా కనిపిస్తుంది కాని పెళుసు. లోపలి వెన్నుపాముకు దెబ్బ తగలవచ్చు. ముదిరిన వంకర తిరిగిరాదు. కాని బతుకు సులువు చేయవచ్చు. మంచం, కుర్చీ ఎత్తు పెంచండి. పొడుగు పిడి ఉన్న చెంచా, దువ్వెన చేయించండి. కుర్చీలాంటి మరుగుదొడ్డి ఏర్పాటు చేయండి. కాళ్ళు తిమ్మిరెక్కి బలహీనపడినా, మూత్రం ఆగినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నీళ్ళు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. తాగడానికీ వంటకూ బోరు నీళ్ళు మాని, శుద్ధిచేసి సరఫరా చేసే నదీజలాలే వాడండి. పాలు, రాగులు, ఉసిరికాయ ఇంట్లో అందరికీ పెట్టండి, ముఖ్యంగా పిల్లలకు.

ప్రశ్న: ఫిజియోథెరపీ చేయిస్తున్నాం. మళ్ళీ ఆక్యుపేషనల్ థెరపీ ఎందుకు? (నారాయణపేట పాఠకుడు)

జవాబు: ఫిజియోథెరపీ ప్రధానంగా కండకు బలం, కీలుకు కదలిక, నడక తెస్తుంది. ఆ బలంతో చెంబు ఎత్తుకోవడం, రాసుకోవడం, తన పని తాను చేసుకోవడం ఆక్యుపేషనల్ థెరపీ నేర్పుతుంది. చాలామందికి రెండూ కావాలి. చికిత్స చేసేవారు గుర్తింపు పొందిన డిగ్రీ చదివినవారో కాదో అడిగి తెలుసుకోండి. 2021 నాటి కేంద్ర చట్టం ఈ వృత్తులన్నింటికీ రిజిస్ట్రేషన్ పద్ధతి పెట్టింది. అడగడం మీ హక్కు.